ఎత్తు బంగారం

పొద్దున ఏడు కొట్టేవరకు శ్రీపాల్‌కు సగం దినం గడిచిపోయినట్టే. పాలు కాగి చల్లారుతయి. రెండేండ్ల ధీరజ్ తడిపిన బొంతలు దండెమెక్కుతయి. ఊర్మిళ స్కూటీల టిఫిన్ డబ్బా, నీళ్ల సీస, రైతుల పేర్లున్న రిజిస్టరు చేరుతయి. ఆమెది వ్యవసాయ శాఖల కొలువు, ఏ గట్టున ఏ పంట ఉన్నదో ఎండల తిరిగి రాసుకొస్తది. ఆమె బండి మలుపు తిరగంగనే శ్రీపాల్ చిన్నోణ్ని ఎడమ చంకనేసుకుంటడు. కుడిచేత్తోని ఇల్లూడ్చి, అన్నం వండి, పిలగాని ముక్కు తుడిచి, గిన్నెలు తోమి, మల్ల అదే ముక్కు తుడిచి తొమ్మిదింటికి ఇంటికి తాళమేస్తడు. ఐదేండ్లు దాటిన శ్రేయ తన జడ తనే ఏసుకొని, బడిసంచి తనే తగిలించుకొని అప్పటికే గేటు కాడ నిలబడి ఉంటది. ముగ్గురు రఘునాథపల్లి బస్టాండు ముంగటికెల్లి బడికి నడుస్తరు.

బస్టాండు హోటల్ ముంగట బెంచి మీద ఆరుగురు పెద్దమనుషులు ఉంటరు. ఉండుడు తప్పితే వాళ్లు చేసే పని ఇంకోటి లేదు గనుక ఆ మాటే వాడవలసి వస్తున్నది. మూడు చాయలు చెప్పి ఆరుగురు పంచుకుంటరు. ఒక్క పేపరును ఆరు ముక్కలు చేసి, ఎవని ముక్క వాడు చదివి, పదిన్నర దాక రాష్ట్రాన్ని నడిపిస్తరు. భూములు కౌలుకిచ్చిన్రు, ఇండ్లు ఆడోళ్లకిచ్చిన్రు, తమ కాడ నోరు ఒక్కటి ఉంచుకున్నరు. ఇంట్ల ఉప్పు డబ్బా ఏ అరల ఉంటదో వాళ్లల్ల ఒక్కనికి తెలువదు. అసోంటి మహానుభావులు శ్రీపాల్‌ను రోజు ఒక్కటే ముచ్చట అడుగుతరు.

“ఏం శ్రీపాల్, ఖాళీయేనా?”

“ఖాళీనే అన్నా.”

అడిగేది రమేశ్. ఒకప్పుడు వార్డు మెంబరు. పదవి పోయి ఏండ్లయింది కని అంగి ఇస్త్రీ మాత్రం పోలే. ధీరజ్ పుట్టినప్పుడు శ్రీపాల్ విత్తనాల కంపెనీల కొలువు మానేసి ఇంట్ల కూసున్నడని ఊరంత చెప్పింది ఈయననే. ఊర్మిళది సర్కారు కొలువు, శ్రీపాల్‌ది ఇయ్యాలుంటే రేపుండని కొలువు, ఇంట్ల ఒకరుండాలె. ఆ ముచ్చట ఐదో తరగతి పిలగానికి సుత తెలుస్తది. రమేశ్‌కు తెలువలే. శ్రీపాల్ ఖాళీగున్నడని వాడకట్టు మొత్తం తీర్మానం చేసుకున్నది గనుక ఒకాయన జిరాక్సులు తెమ్మంటడు, ఇంకొకాయన గ్యాసు బండకోసం ఇంటికాడ ఉండుమంటడు, మూడో ఆయన వాళ్లమ్మను దవాఖానకు తోల్కపొమ్మంటడు. చంకల పిలగాడు, చేతిల సంచి, వెనుక పిల్ల, అయినా ఖాళీయే.

శ్రీపాల్‌కు వాళ్ల మీద కోపం ఉండేది కాదు. కోపం తనతోని సమానమైనోళ్ల మీద వస్తది. వాళ్లంటె ఆయనకున్నది చులకన. ఒక్క పూట ఇద్దరు పిల్లలనిచ్చి తలుపేస్తే మధ్యాహ్నానికి అమ్మను పిలిచి ఏడుస్తరు వీళ్లు, అని మనసుల నవ్వుకునేటోడు. ఆ నవ్వు తోనే రోజు బడిదాక నడిచేటోడు. ఆ నవ్వు లేకుంటే ఆ తొవ్వ చానా దూరం.

శ్రీపాల్ వాళ్ల ఇంట్ల పిల్లలు చేతిని బట్టి తూగుతరు. తాతల నాటినుంచి అంతే. ఎంత మోసినోని చేతికి అంత తేలిక, మొయ్యనోని చేతికి అంత బరువు. మొదటి పాలపన్ను ఊడేదాక బరువు ఇట్ల దిగుతది, ఎక్కుతది. పన్ను ఊడిన రోజు ఏ చేతికి ఎంతున్నరో ఆ చేతికి ఇగ బతికినంత కాలం అంతే. శ్రీపాల్ తండ్రి భూమి తగాదాలల్ల తిరిగి ఒక్కనాడు కొడుకును ఎత్తుకోలే. ఆయన సచ్చేదాక తండ్రీకొడుకులు అరుగుకు ఆ కొసన ఒకలు, ఈ కొసన ఒకలు కూసున్నరు. పక్కన కూసుంటే ముసలాయనకు ఊపిరాడేది కాదు.

ఇది ఊర్ల అందరికి ఎరుకనే. ఎవరు దాన్ని వింతగ చూసింది లేదు. ఓనాడు రమేశ్ షోకుకు ధీరజ్‌ను ఎత్తబోయి నడుం పట్టుకొని వేడినీళ్ల సంచి మీద నాలుగొద్దులు పండుకున్నడు. పరామర్శకు పోయినోళ్లు ఆయన్నే తప్పు పట్టిన్రు. ఆ ఇంటి పిలగాన్ని అడిగి ముట్టాలె గదా అన్నరు. ఊర్మిళ మూడు నెలలు ట్రైనింగుకు పోయొచ్చిన రోజు ధీరజ్ ఆమె చేతుల లేవలే. ఆమె ఏడ్వలే, ఎవర్ని అనలే. నేల మీదనే కూసొని, పిలగాన్ని ఒళ్లెకు గుంజుకొని, ఆ రాత్రి గట్లనే గోడకొరిగి నిద్రపోయింది. వారం దినాలకు పిలగాడు పిలగానంత అయిండు. అప్పటినుంచి ఆమె రోజు సాయంత్రం స్కూటీ దిగంగనే చెప్పులు విడువకముందే శ్రేయను ఎత్తి దించుతది, అటెన్క ధీరజ్‌ను ఎత్తుతది. పదకొండు కిలోల పిలగాడు ఆమె చేతికి పదకొండు కిలోలే ఉంటడు.

శ్రీపాల్ చేతికైతే ధీరజ్ పత్తికాయంత. పొద్దుమాపు చంకలనే ఉండె. ఒక్కోసారి పిలగాడు చంకలున్న సంగతి మరిచి ఇల్లంత దేవులాడేటోడు.

కథ మొదలైంది రాధమ్మ తోని. ఆమె వాడకట్టు అంగన్‌వాడీ టీచరు. నెలకోసారి పిల్లల్ని తూచి ఫోన్ల ఎక్కియ్యాలె. ఆ నెల శ్రీపాల్ ధీరజ్‌ను తన చేతులతోని కాంటా సంచిల ఏసిండు. ముల్లు రెండు కిలోల కాడ నిలబడ్డది. రాధమ్మ సంచిలకెల్లి తీసి తను ఏసింది. ముప్పై రెండు. ఆమె ఫోన్ దిక్కు చూసింది. ఫోన్ల పిలగాని బరువుకు గడి ఉన్నది కని ఎవరి చేతిబరువు అనే గడి లేదు. ఫొటో అప్పటికే శ్రీపాల్‌ది పడ్డది గనుక రెండు కిలోలనే కొట్టింది. ఫోన్ ఎర్రగైంది. పిలగానికి తిండి లేదని, తల్లిదండ్రులను పిలిచి అడగాలెనని ఎర్ర అక్షరాల కాగితమై పై ఆఫీసుకు పోయింది.

“ఊర్మిళను ఒక్క పూట సెలవు పెట్టుమను తమ్మీ,” అన్నది రాధమ్మ. “ఆమె చేతితోని ఏస్తే సరిగ వస్తది. నేను మల్ల కొడత.”

శ్రీపాల్ సరేనన్నడు కని ఊర్మిళకు చెప్పలే. రెండేండ్లు చంకల మోసిన మనిషి ఒక ఫోన్‌కు సాక్ష్యం తెచ్చుకోవాల్నా అని ఆయనకు పట్టింపు వచ్చింది. అడిగేటోళ్లు రానీ, అప్పుడు చూస్త అనుకున్నడు. వచ్చింది వాళ్లు కాదు, అజిత్.

అజిత్ ఊర్మిళకు అన్న. చిట్యాల పక్కన ఊరు. ఎరువుల దుకాణం ఉన్నది, తెల్ల కారు ఉన్నది, మొన్న మొన్ననే సర్పంచ్‌గ గెలిచిండు. గెలిచినప్పటినుంచి ఇంట్ల సుత నిలబడే మాట్లాడుతడు, ఎక్కడ ఎవలు ఫొటో తీస్తరో తెలువదు గదా. ఎన్నికలల్ల అవతలోళ్లు ఆయనను గెలవలేక ఒక్క మాట పట్టుకున్నరు. ఈయన బావ రఘునాథపల్లిల పిల్లల ముడ్లు కడుగుతడంట, ఈయన ఊరినేం బాగు చేస్తడు అన్నరు. గెలిచినా ఆ మాట ఆయన గొంతుల ముల్లు లెక్క ఉండిపోయింది. ఇప్పుడు ఆఫీసులకెల్లి ఆ ఎర్ర కాగితం చేతికి దొరికింది.

ఆదివారం పొద్దున వచ్చి, శ్రీపాల్ చేసిన చాయ తాగి, చాయ మంచిగలేదని చెప్పి ముచ్చట తీసిండు. పిలగాణ్ని చిట్యాలకు పంపాలెనట. అక్కడ బర్రె పాలున్నయి, తన భార్య పద్మలత ఉన్నది, పనోళ్లున్నరు. బావ వచ్చి దుకాణంల కూసోవాలెనట. ఎర్ర కాగితం సంగతి తను చూసుకుంటడట. పిలగాడు చేతిని బట్టి తూగుతడు, నీకు తెలువదా అని శ్రీపాల్ అడిగితే, తెలుసన్నడు. “తెలుసు బావ, కని కాగితం మీద ఏమున్నది? రెండు కిలోలున్నది. లోకం కాగితం చూస్తది.”

శ్రీపాల్ ధీరజ్‌ను ఇయ్యనన్నడు. గొంతు లేపలే. చంకలున్న పిలగాణ్ని జర లోపలికి జరుపుకొని ఇయ్యనన్నడు. ఊర్మిళ సుత ఇయ్యనన్నది. అజిత్ అటు తిరిగి ఇటు తిరిగి, ఇద్దర్ని సాదుడు మీతోని కాదు, ఒక్కరినన్న పంపున్రి, పిల్లల్ని మేమే చూస్తున్నమని నలుగుర్ల చెప్పుకుంట, నా ఇజ్జత్ దక్కుతది, నీకు కాగితం పోతది అన్నడు.

అప్పుడు శ్రీపాల్ నోట్లెకెల్లి ఆ మాట వచ్చింది.

“శ్రేయను తీస్కపో. అది పెద్దదైంది.”

అన్నంక తనకే తెలివిగనిపించింది. కుక్కకు బొక్కేసి తప్పుకున్నట్టు అజిత్‌ను తప్పించుకున్న అనుకున్నడు. శ్రేయ అడిగే పిల్ల కాదు, ఏడ్చే పిల్ల కాదు. అన్నం పెడితే తింటది, పెట్టకుంటే గిన్నె తెచ్చుకుంటది. అక్కడ బడి సుత మంచిదేనట. ఏడాది పొయ్యొస్తది, ఏమైతది? తలుపు వెనుక పలక మీద బలపం చప్పుడు ఆగింది. ఆ చప్పుడు ఆగినట్టు శ్రీపాల్ గుర్తుపట్టలే, ఊర్మిళ పట్టింది.

అజిత్ పోయినంక ఆమె అడిగింది. “దాన్ని అడిగినవా?”

“చిన్నపిల్లనేం అడుగుతం?”

“ఇందాక పెద్దదైందన్నవ్ గదా,” అన్నది. దానికి నువ్వే చెప్పుకో అని బట్టలు నానబెట్టనీకె పోయింది. శ్రీపాల్ చెప్పలే. ఇయ్యాల రేపు అనుకుంట పది దినాలు జరిపిండు. చెప్పే అవసరం రాలే. శ్రేయ తన గౌన్లు తనే మడత పెట్టుకున్నది. ఆమెకు కింది పన్ను ఒకటి కదులుతున్నది. జామకాయ ఇస్తే వద్దని, పెరుగన్నం మెత్తగ పిసికి ఓ దవడకు తినుడు మొదలు పెట్టింది. శ్రీపాల్ అది చూసి, ఎంత బుద్దిమంతురాలు నా బిడ్డ, పన్ను నొస్తున్నా ఏడుస్తలేదు అనుకున్నడు.

అంతకు నెల కింద ఓసారి ఆమె అరుగు మంచం మీద నిద్రపోతే లోపల పండవెడదామని చేతులు పెట్టిండు. సగం లేపంగనే నడుం కళుక్కుమన్నది. మల్ల మంచం మీదనే ఇడిచిండు. గ్యాసు బండ ఎత్తినప్పటి నొప్పి తిరగబెట్టిందనుకున్నడు. పిల్ల కండ్లు తెరిస్తే, పెద్దదానివైనవ్ బిడ్డ, నడిచి లోపలికి పో అన్నడు. పిల్ల నడిచి పోయింది. గంతే, ఆ ముచ్చట ఆయన అక్కడనే మరిచిండు.

మాఘ పున్నమికి అజిత్ వాళ్ల ఊర్ల అమ్మల జాతర. అమ్మలు కొలువుండే గద్దెల కాడ బెల్లమే బంగారం, అక్కడ బెల్లమని ఎవరనరు. మొక్కుకున్నోళ్లు పిల్లల ఎత్తు బంగారం తూచి అమ్మలకిస్తరు. సర్పంచ్‌గ గెలిస్తే మేనల్లుని ఎత్తు బంగారమిస్తనని అజిత్ మొక్కిండు. అట్లనే ఆ రోజు శ్రేయను తమ కాడ ఉంచుకునుడు అని మాటైంది. బస్సు దిగంగనే అజిత్ మనిషొచ్చి శ్రేయ బ్యాగు తీస్కపోయి తెల్ల కారు డిక్కీల పెట్టిండు.

గద్దెల ముంగట పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు. మేనల్లుడి ఎత్తు బంగారం సమర్పిస్తున్న గౌరవ సర్పంచ్ గారు అని రాసున్నది. అందుల అజిత్ బొమ్మ ఎడ్లబండంత, అమ్మల బొమ్మ అగ్గిపెట్టెంత. దానికింద స్టీలు పళ్లెంల, పసుపు కుంకుమ చల్లి, రిబ్బను చుట్టిన బంగారం ముద్దలు. మొత్తం రెండున్నర కిలోలు. అవును, రెండున్నర. అంగన్‌వాడీ లెక్కల పిలగాడు రెండు కిలోలున్నడు గదా, అర్ధకిలో ఎక్కువే ఇస్తున్న అమ్మలకు, అని తన మనుషులతోని అన్నడట. చేతిని బట్టి తూగే పిలగాడని ఎరుక ఉండి సుత ఇట్ల చేసినోణ్ని ఏమనాలె? అజిత్ పుట్టి బుద్దెరిగినంక చేతులతోని ఒక పని చేసినోడు కాదు. తనకు చేతులున్నయనే సంగతి ఆయనకు యాదికి రాలే.

ఆ జాతరల ఒక్క కట్టుబాటు. మొక్కినోడే పిల్లను తరాజుల కూసోబెట్టాలె. ఇంకోలు ముట్టొద్దు. తరాజు పక్క తండా వాల్యాది. వాళ్ల తండ్రి కాలంనుంచి వాళ్లే తూస్తరు. వాల్యా తాళ్లు సరిచేసి, ఎత్తు సారూ అన్నడు.

అజిత్ అంగి మడతలు సరిచేసుకొని, ఫోన్లు పట్టినోళ్ల దిక్కు నవ్వి, ఒంగి ధీరజ్ చంకలల్ల చేతులు పెట్టిండు. పిలగాడు లేవలే. నవ్వు అట్లనే ఉంచుకొని ఇంకోసారి లేపిండు. లేవలే. మూడోసారికి నవ్వు పోయింది, అంగి వెనుక కుట్టు సుత పోయింది. ధీరజ్ మాత్రం మామ చెవులు పట్టుకొని ఆడుకుంటున్నడు. జనంల ఎవరు ఆశ్చర్యపోలే. లైను ఆగిందని విసుక్కున్నరు గంతే. ఆఖరికి వాల్యా తరాజు పళ్లెం నేలకానిచ్చిండు. అజిత్ ధీరజ్ నడుం పట్టి నూకుకుంట, ఈడ్చుకుంట దాంట్ల కూసోబెట్టిండు. అవతల రెండున్నర కిలోలు పెట్టిన్రు. తరాజు కదల్లే. పక్క దుకాణంలకెల్లి బంగారం బస్తా తెచ్చిన్రు. కదల్లే. వేరే మొక్కులోళ్ల బంగారం బతిమాలి తెచ్చి పేర్చిన్రు. తాళ్లు కిర్రుమన్నయి తప్పితే పిలగాడున్న పళ్లెం నేల ఇడవలే.

లైన్ల రామి అనే ముసలామె కోడిని చంకల పెట్టుకొని నిలబడ్డది. కాళ్లు గుంజుతున్నయేమో, ముందుకొచ్చింది.

“కొడుకా, నువ్వెన్నడన్న ఆ పిలగాణ్ని ఎత్తుకున్నవా?”

“నాకేడ టైముంటది అవ్వా,” అన్నడు అజిత్ చెమట తుడుచుకుంట.

“గదే తూగుతున్నది,” అని ఆమె మల్ల పోయి తన జాగల నిలబడ్డది.

శ్రీపాల్‌కు ఆ రోజంత ఆనందం జన్మల ఎన్నడు కాలే. చెప్పుకోవద్దు గాని, కడుపు నిండిపోయింది. బెంచి మీది ఆరుగుర్ని బస్సెక్కించుకొని రావాల్సుండె అనుకున్నడు. వాల్యా ఇగ చాలు సారు, లైనాగింది, వచ్చేసారి మొక్కు తీర్చుకో అన్నంక, శ్రీపాల్ తాపీగ ముందుకు నడిచి, ఒక్కచేత్తోని, ఆకు మీది పువ్వు తీసినట్టు ధీరజ్‌ను తీసి చంకనేసుకున్నడు. అవతలి పళ్లెం బంగారంతోని ధన్‌మని కూలింది. ఫోన్లన్ని ఆయన దిక్కు తిరిగినయి. శ్రీపాల్ ఎవల దిక్కు చూడలే. గట్ల చూడకుంట నిలబడుడుల ఇంకా మజా ఉన్నది.

పద్మలత వచ్చి శ్రేయ చెయ్యి పట్టింది. దా బిడ్డ, ఎండెక్కుతున్నది, కారుల కూసుందాం అన్నది. శ్రేయ ఆమె వెంబడి కదిలింది. వెనక్కి తిరిగి చూడలే.

గెలిచిన మనిషికి ఉదారం పుడుతది. శ్రీపాల్ ధీరజ్‌ను ఊర్మిళ చేతికిచ్చి, ఆగు చెల్లె అన్నడు. పిల్లకు జనంల గద్దెలు సరిగ కనిపియ్యలేదు, ఎత్తుకొని ఓసారి చూపించి పంపుత అన్నడు. అందరు చూస్తనే ఉన్నరు. ఆ ఠీవితోనే ఒంగి శ్రేయ నడుం పట్టి లేపిండు.

శ్రేయ కాళ్లు నేల ఇడవలే.

గౌను ఎక్కడన్న తట్టుకున్నదేమో అనుకున్నడు. కింద చూసిండు, ఏం లేదు. మోకాళ్లు ఒంచి, పండ్లు బిగబట్టి లేపిండు. మెడ నరాలు ఉబ్బినయి. అజిత్ మొఖం మీద చెమట ఆరకముందే మల్ల నవ్వొచ్చింది. ఊర్మిళ ఒక అడుగు ముందుకేసి ఆగింది. ఆమె చేతిలైతే శ్రేయ లేస్తది. ఆమె చెయ్యి పెట్టలే.

“ఉండనీ బాపు,” అన్నది శ్రేయ మెల్లగ. “నేను బరువుంట.”

“ఎవలు చెప్పిన్రు నీకు?”

“నాకు తెలుసు. మొన్న మంచం మీద లేపినవ్ గదా. నీకు నడుం నొచ్చింది. అందుకే నేను అడుగుత లేను.”

అని పన్నును నాలికతోని లోపలికి అనుకున్నది. అది ఊడకుంట చూసుకుంటున్నది. జామకాయ ఎందుకు తింటలేదో, మెత్తన్నం ఎందుకు ఓ దవడకు నములుతున్నదో శ్రీపాల్‌కు ఆ నిలబడ్డ కాడ సమజైంది. నొప్పికి కాదు. ఈ చేతికి తను ఇంత బరువున్నప్పుడు ఊడితే ఇగ ఎప్పటికీ ఇంతే ఉండిపోతనని పిల్లకు ఎరుకున్నది. ఊడకుంట ఆపుకుంట నాయిన ఎత్తుకునే దినం కోసం ఎదురు చూసింది. ఆయన బ్యాగు సర్దించిండు.

తలకాయ కొట్టేసినట్టయింది శ్రీపాల్‌కు. ధీరజ్ పుట్టిన నాటినుంచి ఈ పిల్లను ఎన్నిసార్లు ఎత్తుకున్న అని యాది చేసుకుంటే ఒక్కటి యాదికి రాలే. తన జడ తనే ఏసుకుంటదని మురిసిండు గాని, ఏసేటోడు లేక ఏసుకుంటున్నదని తెలువలే. రమేశ్ మీద, అజిత్ మీద, అరుగు ఆ కొసన కూసున్న తన తండ్రి మీద ఇన్నేండ్లు దాచిపెట్టుకున్న చులకన అంత వెనక్కి తిరిగొచ్చి తన మీద కూసున్నది. రామి అన్న మాట ఇప్పుడు ఎవరు అనలే. అనే పని లేకపోయింది.

“ఏంది బావ, నీకు సుత లేస్తలేదా?” అన్నడు అజిత్. నలుగురు నవ్విన్రు. ఈ నవ్వు తనకు రావలసిందే అనుకున్నడు శ్రీపాల్.

ఆయన దుమ్ముల మోకాళ్ల మీద కూసున్నడు. వీపు తిప్పి శ్రేయ చేతులు తన మెడ చుట్టు ఏసుకున్నడు. రెండు చేతులు నేలకానిచ్చి, ముందు ఒక కాలు, కొంత ఆగి ఇంకో కాలు లేపిండు. నడుంల ఏదో పట్టేసింది. లేచిండు. గద్దెల చుట్టు ఒక్క తిరుగుడు తిరిగేసరికి పావుగంటయింది. అడుగుకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంటే జనం పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిన్రు. వాల్యా తరాజు పట్టుకొని చూసుకుంట నిలబడ్డడు. శ్రేయ వీపు మీద ఊపిరి బిగబట్టింది, బరువు తగ్గుతదేమోనని.

“ఊపిరి తీస్కో బిడ్డ,” అన్నడు శ్రీపాల్. “నువ్వు ఆపుకుంటే తగ్గేది కాదు ఇది.”

గద్దెల కాడినుంచి అట్లనే కారు దాక నడిచిండు.

“బావ, బ్యాగు దించు. శ్రేయ రాదు.”

“మాటిచ్చినవ్,” అన్నడు అజిత్. “నలుగుర్ల చెప్పుకున్న నేను.”

“ఇచ్చిన. కని దీన్ని నేనింకా సరిగ ఎత్తుకోనే లేదు.”

అది జవాబు కాదని అజిత్ ఇప్పటికీ అంటడు. పెద్దగ మాట్లాడిండు, కాగితం సంగతి తీసిండు, ఇజ్జత్ సంగతి తీసిండు. ఊర్మిళ ఏం వినకుంట చంకల ధీరజ్‌తోని పోయి, డిక్కీ తీసి, బ్యాగు తన భుజానేసుకొని బస్టాండు దిక్కు నడిచింది. శ్రీపాల్ ఆమె వెనుక నడిచిండు. పిల్లను దించలే. బస్సుల సీటు దొరికినా ఒళ్లెనే కూసోబెట్టుకున్నడు. పరకాల దాటేసరికి తొడలు తిమ్మిరెక్కి స్పర్శ పోయింది.

ఎర్ర కాగితం ముచ్చట ఏమైందంటే, మంగళవారం ఊర్మిళ ఒక్క పూట సెలవు పెట్టి ధీరజ్‌ను తన చేతితోని కాంటా సంచిల ఏసింది. పదకొండు కిలోలు. రాధమ్మ ఫోన్ పచ్చగైంది. గంతే పని. ఆ ఒక్క మాట అడిగితే అయిపోయేదానికి ఒక మనిషి బిడ్డను పంపబోయిండు.

ఇప్పుడు పొద్దున ధీరజ్ నడుస్తడు. తొవ్వల ప్రతి రాయిని, ప్రతి మేకను పలకరిస్తడు గనుక లేటైతది. శ్రేయ శ్రీపాల్ వీపు మీద ఉంటది. మొదటి వారం గేటు దాటుడే గండమైంది. రెండో వారం కిరాణ దుకాణం దాక వచ్చిండు. రోజు దించినంక ఆమె ఇయ్యాల ఎంతున్న బాపు అని అడుగుతది. నిన్నటికన్న ఒక బంగారం ముద్ద తక్కువ అంటడు. కొన్ని రోజులు అది అబద్ధమే. జడ ఇప్పుడు ఆయననే ఏస్తడు, వంకరగ వస్తది. పన్ను ఇంకా ఒక్క పోగు మీద ఆగి ఉన్నది. పెరుగన్నమే పెడుతున్నడు.

బెంచి మీద ఆరుగురు అట్లనే ఉన్నరు, ఉండక ఏడికి పోతరు. ఐదేండ్ల పిల్లను వీపునేసుకొని, నడుమొంగి, చెమటలు గక్కుకుంట, ఒక్కో అడుగు ఏరుకుంట వస్తున్న మనిషిని చూసి రమేశ్ పేపరు కిందికి దించిండు.

“గంత పెద్ద పిల్లను మోసుకొస్తున్నవేంది శ్రీపాల్? ఖాళీగున్నవనా?”

శ్రీపాల్‌కు జవాబు చెప్పేటంత ఊపిరి లేదు. ఎప్పటి నవ్వు నవ్వుదామంటే అది సుత రాలే. వీపు మీదికెల్లి శ్రేయ చెప్పింది.

“మా బాపుకు ఖాళీ లేదు పెద్దబాపు.”

శ్రీపాల్ ఇంకో అడుగేసిండు. ఆ రోజు ఆమె నిజంగనే జర తక్కువున్నది.